రెండు షీట్లలోనూ ఒకే సూత్రం, ఒకే తొలి విలువ. డెబ్బయ్యో వరుస దాటాక అంకెలు ఎందుకు కలవడం లేదు?

గుంటూరు నుంచి ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది. పొడవుగా ఉంది కాబట్టి కుదించి రాస్తున్నాను. "కొత్త ఎక్స్ = ఆర్ × ఎక్స్ × (1 − ఎక్స్)" అన్న సూత్రాన్ని ఎక్సెల్‌లో వందల వరుసల కిందికి లాగారు. ఆర్ 2.9 పెడితే ఒకే అంకె దగ్గర నిలబడింది. 3.3 పెడితే రెండు అంకెల మధ్య ఊగింది. 3.9 పెడితే ఒక తీరూ తెన్నూ కనబడలేదు. 3.83 దగ్గర మాత్రం ఉన్నట్టుండి మూడంటే మూడు అంకెలే వచ్చాయి. ఇంతలో స్నేహితురాలు అదే సూత్రాన్ని విడదీసి "ఆర్ × ఎక్స్ − ఆర్ × ఎక్స్ × ఎక్స్" అని రాసింది. ఆర్ 3.9, తొలి విలువ 0.2, ఇద్దరివీ ఒకటే. దాదాపు 70 వరుసల దాకా కలిసి నడిచిన షీట్లు ఆ తర్వాత ఒకదానికొకటి సంబంధం లేకుండా పోయాయి. గైడ్ గారు చూసి "ఇది కంప్యూటర్ తప్పు, ఈ భాగం తీసేయండి" అన్నారట. తీసేయాలా అని అడుగుతున్నారు.

తీసేయకండి అమ్మా. మీ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైన పేజీ అదే.

80వ వరుసలోని అంకె మీ షీటులోనూ తప్పే, మీ స్నేహితురాలి షీటులోనూ తప్పే. కానీ రెండు షీట్లూ గీసి చూపిస్తున్న బొమ్మ ఒప్పే. ఆర్ మారేకొద్దీ ఆ బొమ్మ ఎలా మారుతుందన్నదే అసలు విషయం. నేను విజయవాడలో ఇరవై ఆరేళ్లు డిగ్రీ, పీజీ పిల్లలకి లెక్కలు చెప్పాను. ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో రెండేళ్లకొకసారి నా దగ్గరికి వచ్చేది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు, ఇది కంప్యూటర్ తప్పు ఎందుకు కాదో చూడండి. ఎక్సెల్ ఏ అంకెనైనా పదిహేను పదహారు అంకెల వరకే దాచుకుంటుంది, ఆపైది సర్దేస్తుంది. సూత్రాన్ని రెండు రకాలుగా రాస్తే బీజగణితం ఒకటే కానీ ఆ సర్దుబాటు వేరువేరు చోట్ల జరుగుతుంది. కాబట్టి చివరి అంకెలో ఎక్కడో ఒక తేడా పుడుతుంది. అది ఆర్ 2.9 దగ్గర కూడా పుడుతుంది. అక్కడ ప్రతి వరుసకీ తేడా పదోవంతు తగ్గుతూ పోతుంది కాబట్టి మీకు కనబడదు. 3.9 దగ్గర ఆ తేడా ఒక్కో వరుసకీ సగటున ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. అంటే నాలుగైదు వరుసలకి ఒక దశాంశ స్థానం చొప్పున చేజారిపోతుంది. పదిహేను స్థానాలు పోవడానికి ఎన్ని వరుసలు కావాలో మీరే వేసుకోండి. మీరు చెప్పిన డెబ్బై దగ్గరికే వస్తుంది!

గైడ్ గారితో వాదనకి దిగవద్దు. ఒక కాగితం మీద ఇది చూపించండి: అదే కంప్యూటర్, అవే రెండు సూత్రాలు, ఆర్ 2.9 పెడితే వెయ్యి వరుసల తర్వాత కూడా రెండు షీట్లూ కలిసే ఉంటాయి. కంప్యూటర్‌దే తప్పయితే అక్కడా విడిపోవాలి కదా. ఇంకో పని కూడా చేయండి. ఒకే షీటులో, ఒకే సూత్రంతో, ఒక నిలువు వరుసని 0.2 తో, పక్కదాన్ని 0.2000001 తో మొదలుపెట్టండి. ముప్పయ్యో వరుస అటూ ఇటూగా రెండూ విడిపోతాయి. మధ్యలో ఇంకో సున్నా చేరిస్తే మీకు దక్కేది మరో నాలుగైదు వరుసలు మాత్రమే. 50 అంకెలు దాచుకునే ప్రోగ్రాం రాసినా 230 వరుసల దగ్గర ఇదే జరుగుతుంది. సర్దుబాటు ఈ గుణాన్ని బయటపెట్టింది, అంతే. గుణం సూత్రంలోనే ఉంది.

దీన్ని ఒక్క అంకెలోకి తేవాలంటే షీటులో ఇంకో నిలువు వరుస పెట్టి, ప్రతి ఎక్స్‌కీ ఆర్ × (1 − 2 × ఎక్స్) విలువ కట్టి, గుర్తు వదిలేసి, సహజ సంవర్గమానం తీసుకుని, వేల వరుసల సగటు చూడండి. దీన్నే లియాపునోవ్ ఘాతం అంటారు. ఆర్ 2.9 కి అది −0.105 వస్తుంది. 3.3 కి −0.62 దగ్గర. 3.9 కి సుమారు +0.5. సరిగ్గా 4 కి 0.693, అంటే 2 యొక్క సంవర్గమానం. రుణాత్మకమైతే తేడాలు చచ్చిపోతాయి, ధనాత్మకమైతే పెరుగుతాయి. మీ ప్రాజెక్టు మొత్తానికీ ఈ నిలువు వరుస వెన్నెముక లాంటిది.

తేడా పెరుగుతూ పోతే అంకెలు అనంతానికి పరిగెత్తాలి కదా అని పిల్లలు అడిగేవారు. ఎక్స్ పెద్దదయ్యేకొద్దీ (1 − ఎక్స్) చిన్నదై దాన్ని వెనక్కి మడతపెడుతుంది. పరోటా వేసే మనిషి పిండిని సాగదీసి మడిచి, మళ్లీ సాగదీసి మళ్లీ మడిచేటప్పుడు పక్కపక్కనే ఉన్న రెండు నూకలు ఎక్కడెక్కడికో పోతాయి, పిండి మాత్రం బల్ల దాటదు. సరళరేఖ సూత్రంలో సాగదీత ఒక్కటే ఉంటుంది, మడత ఉండదు. అరేఖీయత అవసరం అక్కడే వస్తుంది.

ఇప్పుడు ఆర్ సంగతి. స్థిర బిందువు (సూత్రంలో పెడితే మళ్లీ అదే వచ్చే విలువ) 1 − 1/ఆర్. అక్కడ సూత్రపు వక్రరేఖ వాలు కడితే 2 − ఆర్ వస్తుంది. అది −1 కీ +1 కీ మధ్య ఉన్నంతసేపు, అంటే ఆర్ 1 దాటి 3 లోపు ఉంటే, అంతా ఆ బిందువుకే చేరుతుంది. 3 దాటగానే వాలు −1 కన్నా కిందికి పోతుంది. బిందువు అక్కడే ఉంటుంది గానీ దగ్గరికొచ్చినవాటిని తోసేస్తుంది. రెండు అంకెల ఊగులాట మొదలవుతుంది. మీ 3.3 దగ్గర ఆ రెండూ 0.4794, 0.8236 అయి ఉండాలి, చూసుకోండి.

సరిగ్గా 3 దగ్గర ఏం జరుగుతుందో మాత్రం తొందరపడి దాటేయకండి. ఎక్కువ మంది తప్పు రాసేది ఇక్కడే. ఆర్ 2.9 అయితే వంద వరుసల్లో తేడా మొదటిదాంట్లో లక్షకి మూడు వంతుల స్థాయికి పడిపోతుంది. 2.99 అయితే వంద వరుసల తర్వాత కూడా మొదటి తేడాలో మూడో వంతుకు పైగా మిగిలే ఉంటుంది. సరిగ్గా 3 అయితే ఎన్ వరుసల తర్వాత మిగిలే తేడా సుమారు 1/√(18 × ఎన్). వెయ్యి వరుసలకి 0.0075. ఇంకొక్క దశాంశ స్థానం సరిగ్గా రావాలంటే వంద రెట్లు వరుసలు కావాలి. ఒక ఏడాది నా విద్యార్థి ఒకతను 500 వరుసలు చూసి "ఆర్ 3 దగ్గర రెండు అంకెల ఊగులాట ఉంది" అని రాసుకొచ్చాడు. అది ఊగులాట కాదు, ఇంకా చేరని ప్రయాణం. మార్పు జరిగే అంచు దగ్గరికి వచ్చేకొద్దీ వ్యవస్థ ఇలా నెమ్మదిస్తుంది. కాబట్టి మొదటి వెయ్యి వరుసలు పారేసి ఆ తర్వాతవే గ్రాఫులో పెట్టండి. అంచుల దగ్గరైతే పదివేలు పారేయండి.

ఆ తర్వాత మెట్లు త్వరత్వరగా వస్తాయి. 1 + √6, అంటే 3.44949 దగ్గర రెండు నాలుగవుతాయి. 3.54409 దగ్గర ఎనిమిది, 3.56441 దగ్గర పదహారు. 3.569946 దగ్గరికి ఈ రెట్టింపులన్నీ పోగుపడతాయి. మెట్టు పొడవుల నిష్పత్తి తీయండి: మొదట 4.75, తర్వాత 4.66, అలా 4.6692 దగ్గర స్థిరపడుతుంది. మిచెల్ ఫైగన్‌బామ్ 1975లో లాస్ అలమోస్‌లో హెచ్‌పీ-65 అనే చేతి కాలిక్యులేటర్ మీద దీన్ని పట్టుకున్నాడు. మన సూత్రం బదులు సైన్ వక్రరేఖ పెట్టినా అదే 4.6692 వస్తుంది. సూత్రం ఏదైనా సరే, శిఖరం దగ్గర అది వర్గ సూత్రంలా వంగి ఉంటే చాలు. ఈ మాట తరగతిలో చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడిచేది, ఇప్పుడు రాస్తున్నా అంతే. దానికి ఒక ఏడాది తర్వాత, 1976లో, రాబర్ట్ మే 'నేచర్' పత్రికలో ఇదే సూత్రం మీద వ్యాసం రాసి, విద్యార్థులకి దీన్ని చదువు తొలి దశలోనే చూపించాలని కోరాడు. కాలిక్యులేటర్ ఉంటే చాలన్నాడు.

3.83 సంగతి. 1 + √8, అంటే 3.828427 దగ్గర ఒక కిటికీ తెరుచుకుంటుంది. మూడు అంకెల చక్రం అందులో దాదాపు 3.8415 దాకా నిలిచి, తర్వాత ఆరు, పన్నెండుగా రెట్టింపవుతూ 3.857 లోపు మళ్లీ కలగాపులగమవుతుంది. 1975లో లీ, యార్క్ నిరూపించిన సిద్ధాంతం మీరు చదివే ఉంటారు: మూడు అంకెల చక్రం ఉంటే కేయాస్, అంటే సూత్రం నుంచే పుట్టే, ముందుగా ఊహించలేని కలగాపులగం, ఉన్నట్టే. అంతకు పదకొండేళ్ల ముందే, 1964లో, షార్కోవ్‌స్కీ ఇంకా విస్తృతమైన ఫలితం ఇచ్చాడు. మరి 3.83 దగ్గర మీ షీటు అంత బుద్ధిగా ఎందుకుందని అడిగారు. సిద్ధాంతం తప్పు కాదు. కలగాపులగంగా తిరిగే తొలి విలువలు అక్కడా లెక్కలేనన్ని ఉన్నాయి. కానీ వాటన్నిటి కొలత సున్నా, అంటే గుడ్డిగా ఒక అంకె ఎంచితే అది వాటిలోది అయ్యే అవకాశం సున్నా. మీరు ఏ అంకె టైపు చేసినా అది ఆ మూడింటి వైపే జారుతుంది. సిద్ధాంతం "ఉంది" అంటోంది, మీ షీటు "కనబడదు" అంటోంది. రెండూ ఒకేసారి నిజం. నివేదికలో ఈ రెండు మాటలూ కలిపేయకండి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. ఇలాంటి కిటికీలు 3.57 నుంచి 4 దాకా ఎక్కడ చూసినా ఉన్నాయి, చాలావాటిని ఏ షీటూ చూపలేనంత సన్నవి. కేయాస్ ఉన్న ఆర్ విలువలు కూడా తక్కువేం కావు, వాటి మొత్తం కొలత సున్నా కాదని జేకబ్సన్ 1981లో నిరూపించాడు. కాబట్టి "3.9 దగ్గర కేయాస్ ఉందని నిరూపించాం" అని రాయొద్దు. "లెక్కించినంతలో లియాపునోవ్ ఘాతం ధనాత్మకంగా వచ్చింది" అని రాయండి. వైవా తీసుకునే పెద్దలు ఈ తేడా గమనిస్తారు.

ఇక "బొమ్మ ఒప్పే" అన్నానుగా, దాని హద్దులు కూడా చెప్పాలి. మీ రెండు షీట్లలో మొదటి వెయ్యి వరుసలు తీసేసి మిగతా పదివేలని యాభై గళ్లలోకి లెక్కపెట్టండి. వరుసలు కలవకపోయినా గళ్ల లెక్కలు దాదాపు కలుస్తాయి. 1987లో హామెల్, యార్క్, గ్రెబోగి ఇంకో అడుగు ముందుకెళ్లి, ఆర్ 3.8 దగ్గర కంప్యూటర్ వేసిన తప్పుల బాటని సుమారు కోటి అడుగుల దాకా ఒక నిజమైన బాట అంటిపెట్టుకునే ఉందని చూపించారు. అది మీరు మొదలుపెట్టిన చోటు నుంచి బయలుదేరింది కాదు, దాని పక్క నుంచి బయలుదేరింది. కానీ నిజమైన బాటే. అయితే అన్ని సూత్రాలకీ ఈ అదృష్టం ఉండదు. ఎక్స్‌ని రెట్టించి పూర్ణాంక భాగం తీసేసే సూత్రం వేసి చూడండి. సిద్ధాంతంలో అది పూర్తి కేయాస్. కంప్యూటర్‌లో యాభై చిల్లర వరుసల్లో సున్నాకి వచ్చి ఆగిపోతుంది, ఎందుకంటే యంత్రం లోపల ఉన్న ద్విసంఖ్యా అంకెలు ఒక్కొక్కటే జారిపోయి ఖాళీ అవుతాయి. అక్కడ బొమ్మ కూడా తప్పే.

దీనికి తిరగబడ్డ కేసు ఒకటి నా దగ్గరికే వచ్చింది. కైకలూరు వైపు చేపల చెరువులున్న ఇంటి కుర్రాడు చెరువులో పాచి పెరుగుదల మీద ప్రాజెక్టు చేశాడు. రోజుకి పెరిగే వేగం 0.9 × ఎక్స్ × (1 − ఎక్స్) అని పెట్టుకుని, మూడు రోజులకొక అడుగు చొప్పున ముందుకి లెక్కేశాడు. గ్రాఫు కేయాస్! ఇంట్లో వాళ్లకి కూడా చూపించాడట. ఆ సంతోషం చూస్తే చెప్పడానికి మనసొప్పలేదు గానీ చెప్పక తప్పలేదు. 1838లో వెర్హుల్స్ట్ రాసిన ఆ అవకలన సమీకరణంలో కేయాస్ లేనే లేదు. వక్రరేఖ నెమ్మదిగా ఎక్కి 1 దగ్గర ఆగుతుంది, అంతే. మూడు రోజుల అడుగు వేయడంతో 0.9 × 3 = 2.7 అయింది, అది ఆర్ 3.7 పెట్టిన మన సూత్రంతో సమానం. అడుగుని పూటకో గంటకో తగ్గించగానే కేయాస్ మాయమైంది. అడుగు సగం చేస్తే పోయే కేయాస్ మీ నమూనాది కాదు, మీ లెక్కింపు పద్ధతిది. తరం మీద తరం వచ్చే పురుగులకీ, ఏటికో పంట వేసే రైతులకీ వరుస అడుగుల సూత్రం సహజం. ఎడతెగకుండా పెరిగేవాటికి కాదు. ఎడతెగని కాలంలో, బయటి నుంచి ఊపు లేకుండా కేయాస్ రావాలంటే కనీసం మూడు చలరాశులు కావాలి. 1963లో లోరెంజ్ వాతావరణ నమూనాలో ఉన్నవి సరిగ్గా మూడే.

మీరు చివర్లో "మిర్చి ధరలకి దీన్ని అన్వయించవచ్చా సార్" అని అడిగారు. గుంటూరు వాళ్లందరూ అడుగుతారు, అడగాలి కూడా. మార్చిలో యార్డులో ధర చూసి జూలైలో ఎన్ని ఎకరాలు వేయాలో రైతు నిర్ణయించుకుంటాడు. అందరూ వేస్తే మరుసటి ఏడు ధర పడుతుంది. ఆలోచనగా, నమూనాగా చాలా బాగుంటుంది, రాయండి. కానీ ఏటా ఒక సగటు ధర చొప్పున ఇరవై రెండు అంకెలు తీసుకుని, ఆర్ 3.8 అని తేల్చి, "మిర్చి ధర కేయాస్" అని రాసిన జంటని నేనొకసారి ఆపాల్సి వచ్చింది. అంత కొద్ది అంకెలతో ఆర్‌ని 3.5 కీ 4 కీ మధ్య అని తప్ప చెప్పలేం. ఆ మధ్యలో నాలుగు అంకెల చక్రం ఉంది, మూడు అంకెల చక్రం ఉంది, కేయాస్ ఉంది. ఏదైనా కావచ్చు. పైగా 2021లో నల్ల తామర పురుగు పడి తోటలు పోయాయి. ఆ దెబ్బ సూత్రంలో ఏ అక్షరంలోనూ లేదు. కోల్డ్ స్టోరేజీల్లో దాచిన సరుకు, ఎగుమతులు, వానలు ఇవన్నీ బయటివే. గజిబిజిగా ఉన్న ప్రతి గ్రాఫూ కేయాస్ కాదు.

అసలు పరీక్ష ఏమిటంటే, పరామితిని (మన సూత్రంలో ఆర్ లాంటిదాన్ని) మన చేత్తో తిప్పగలిగి, తిప్పిన ప్రతిసారీ చెప్పిన వరుసలోనే మార్పులు రావాలి. 1997లో అమెరికాలో కొందరు శాస్త్రవేత్తలు మన ఇళ్లలో రవ్వకీ పిండికీ పట్టే ఎర్ర పురుగు మీద అదే చేశారు. పెద్ద పురుగుల చావుల రేటుని ఎక్కువగా ఉంచి, కొత్తగా పెద్ద పురుగులయ్యేవాటి రేటుని తామే మారుస్తూ, నమూనా చెప్పిన మార్పులు సీసాల్లో కనిపిస్తున్నాయని చూపించారు.

నేను కళ్లారా చూసింది ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ మిత్రుడి ల్యాబులో. 1983లో లియాన్ చువా తలపెట్టిన సర్క్యూట్ అది. 10, 100 నానోఫారడ్ కెపాసిటర్లు, 18 మిల్లీహెన్రీ కాయిల్, టీఎల్082 ఐసీ, 2 కిలో ఓమ్‌ల పాట్ (తిప్పి మార్చుకునే నిరోధం). ఆ కాయిల్ కోసం గవర్నర్‌పేట అంతా తిరిగి, దొరక్క, ఫెరైట్ కోర్ మీద మేమే చుట్టుకున్నాం. సీఆర్‌ఓ (విద్యుత్ తరంగాలని చూపే పరికరం) తెర మీద పాట్‌ని వెంట్రుకవాసి తిప్పుతూ పోతే ముందు చుక్క, తర్వాత ఒక గుండ్రటి చుట్టు, అది రెండు చుట్లు, నాలుగు, తర్వాత అలికినట్టు, ఆపైన రెండు రెక్కల సుడి. మార్చిలో పెన్సిల్‌తో పాట్ మీద గీసుకున్న గుర్తులు మేలో బెజవాడ ఎండకి పనికిరాకుండా పోయాయి, వేడికి భాగాల విలువలు కదిలాయి కాబట్టి. కానీ చుక్క, ఒకటి, రెండు, నాలుగు, అలుకు, సుడి అన్న వరుస ఒక్కసారి కూడా తప్పలేదు. మీ రెండు షీట్లలో ఉన్నదీ ఇదే సంగతి.

నివేదికలో ఏం పెట్టాలో కూడా అడిగారు. ఆర్‌ని 2.8 నుంచి 4 దాకా 0.001 చొప్పున పెంచుతూ, ఒక్కోదానికీ వెయ్యి వరుసలు పారేసి, తర్వాతి రెండు వందల విలువలు నిలువుగా గుర్తించండి. దాని కిందే, అదే ఆర్ అక్షం మీద లియాపునోవ్ ఘాతం గీయండి. పైన కిటికీ తెరుచుకున్న చోటల్లా కింద గీత సున్నా కిందికి దిగుతుంది. 3.9 దగ్గర విడిపోయిన మీ ఇద్దరి షీట్లూ పక్కపక్కన ఒక పేజీ, వాటి కింద గళ్ల లెక్కలు. ఇంకా ఒక్క గ్రాఫు మిగిలింది, ఆర్ 3.828 ది. కిటికీకి కాస్త ఇవతల అన్నమాట. అక్కడ షీటు చాలాసేపు మూడు అంకెల చక్రంలాగే నడిచి, ఉన్నట్టుండి చెదిరి, మళ్లీ వచ్చి అదే మూడింటి మధ్య నడుస్తుంది. పొమో, మానెవిల్ 1980లో వివరించింది దీన్నే. ఆర్‌ని 3.8284 దాకా జరిపితే ఆ బుద్ధిగా నడిచే విడతలు ఇంకా పొడుగవుతాయి. రెండు గ్రాఫులూ ఒకదాని కింద ఒకటి అతికించండి.